మీ ఇంట్లో అందరికంటే తక్కువ నిద్రపోయేది ఎవరు? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

పోయిన నెల ఈ పేజీలో ఒకే ఒక్క ప్రశ్న వేశాం: "మీ ఇంట్లో అందరికంటే ఆలస్యంగా పడుకుని, అందరికంటే ముందు లేచేది ఎవరు?" జవాబు పంపమంటే చాలామంది ఎదురు ప్రశ్నలు పంపారు, కొందరు తిట్లు కూడా పంపారు. ఆడామగా సమానత్వం అనగానే మనవాళ్లకి ముందుగా వచ్చే టెన్షన్ ఇంటి ప్రశాంతత ఎక్కడ పోతుందోనని. ఆ ప్రశాంతతకి ఇన్నాళ్లూ ఇంట్లో ఎవరి ఒళ్లు హూనమైందో ఈ ఉత్తరాలు చదివితే తెలుస్తుంది. పేర్లు వేయొద్దని ఎక్కువమంది అడిగారు కాబట్టి ఎవరి పేరూ వేయడం లేదు.

ప్రశ్న: మేమిద్దరం ఉద్యోగస్తులమే. మా ఆయన మంచివాడు, తాగడు, తిరగడు. "ఏం చేయాలో చెప్పు, చేస్తాను కదా" అంటాడు. ఆ చెప్పడమే నాకు పెద్ద పనైపోయింది. ఈ మాట పైకి అంటే మా అత్తగారే కాదు, మా అమ్మ కూడా గొంతెమ్మ కోరికలంటోంది. నిజంగా అంతేనా?
(ఒక పాఠకురాలు, తెనాలి)

జవాబు: కాదమ్మా. మిమ్మల్ని అలసిపోయేలా చేస్తున్నది అంట్లు ఒక్కటే కాదు. గ్యాస్ బుక్ చేసి ఎన్నాళ్లయింది, పెద్దాడి డైరీలో సంతకం పెట్టామా లేదా, పాలవాడి లెక్క ఎంతయింది, అత్తగారి బీపీ బిళ్లలు ఎన్నాళ్లకి వస్తాయి, రేపటి ఇడ్లీకి పప్పు నానబోశామా... ఇవన్నీ ఒకే బుర్రలో తిరుగుతుంటే ఆఫీసులో కుర్చీలో కూర్చున్నా ఆ బుర్రకి సెలవు ఉండదు. మీ ఆయన చేతులు ఇస్తున్నాడు గానీ గుర్తుపెట్టుకునే పని మొత్తం మీకే వదిలేశాడు.

ఎవరు రోజులో ఏ పనికి ఎంతసేపు గడుపుతున్నారో కేంద్ర గణాంక శాఖ వాళ్లు ఇల్లిల్లూ తిరిగి లెక్క తీస్తారు. 2024 లెక్క ప్రకారం, జీతం లేని ఇంటిపనిలో ఆడవాళ్లు రోజుకి సగటున 289 నిమిషాలు గడుపుతున్నారు, మగవాళ్లు 88 నిమిషాలు. ఇది కూడా ఇంటిపనిలో ఎంతో కొంత చెయ్యి పెట్టే మగవాళ్ల సగటు మాత్రమే, పేపరు చదువుతూ రెండో కాఫీ అడిగేవాళ్లు ఇందులో లేరు. 2019లో ఇదే లెక్క తీస్తే 299, 97 వచ్చింది. అంటే ఆడవాళ్లకి పది నిమిషాలు తగ్గితే మగవాళ్లకి కూడా తొమ్మిది నిమిషాలు తగ్గింది! అక్కడ కూడా మనవాళ్లు వెనక్కి తగ్గలేదు, సారీ, వెనక్కే తగ్గారు.

ఇది గొంతెమ్మ కోరిక కాదని చెప్పడానికి ఇంకో సంగతి. ఢిల్లీలో రోడ్డు ప్రమాదంలో ఒక భార్యాభర్తా చనిపోతే నష్టపరిహారం కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆమె గృహిణి, జీతం లేదు. అలాంటప్పుడు ఆమె పనికి లెక్క ఎలా కట్టాలి? 2021 జనవరిలో వచ్చిన ఆ తీర్పులో మన కృష్ణా జిల్లా మనిషి జస్టిస్ ఎన్.వి. రమణ పైన చెప్పిన ఆ 299, 97 నిమిషాల సంగతి ప్రస్తావించి మరీ, ఇంట్లో ఆడమనిషి చేసే పనికి ఆదాయం లెక్కగట్టి తీరాల్సిందేనన్నారు. మనిషి పోయాక కోర్టు కట్టే లెక్క, ఉండగా ఇంట్లోవాళ్లు కట్టకపోవడమే బాధ.

మరి ఏం చేయాలంటే, పనులు ముక్కలు ముక్కలుగా చెప్పడం మానేసి ఒక పని మొత్తంగా ఆయనకి అప్పగించేయండి. పిల్లల టిఫినే అనుకుందాం. టిఫిను అంటే పొద్దున స్టవ్ మీంచి ఇడ్లీ పాత్ర దించడం కాదు. మినపగుళ్లు నిండుకున్నాయని ముందే చూసుకోవడం, కొట్టుకెళ్లి తేవడం, నానబోయడం, గ్రైండర్ వేయడం, ఆ రాయి కింద ఇరుక్కుపోయిన పిండి వేలు పెట్టి కడగడం, ఎండాకాలం గంటల్లో పులిసిపోతుంది కాబట్టి ఫ్రిజ్‌లో ఎప్పుడు పెట్టాలో గుర్తుంచుకోవడం, చట్నీకి పల్లీలు వేయించడం, చిన్నదాని డబ్బా మూత ఎక్కడ పడిందో వెతకడం, ఇదంతా కలిపి టిఫిను. మొదట్లో ఇడ్లీలు గట్టిగా వస్తాయి, ఒకట్రెండు రోజులు పిల్లలు బ్రెడ్డు ముక్క తిని బడికి వెళ్తారు. వెళ్లనివ్వండి. మీరు మాత్రం గుర్తు చేయకండి, వంటింటి గుమ్మం దగ్గర నిలబడి "అలా కాదండీ" అనకండి. (ఇది చాలా కష్టం, నాకు తెలుసు.) కొన్నాళ్లకి చట్నీలో ఉప్పు ఎక్కువైందని పిల్లలు మీ దగ్గరికి రాకుండా నేరుగా వాళ్ల నాన్న దగ్గరికే వెళ్లి గొడవ పెట్టుకుంటారు. ఆయనకి అందులో వచ్చే ఆనందం ఆయనకి ఇంకా తెలీదు పాపం.

మీ అమ్మగారి మీదా అత్తగారి మీదా కోపం తెచ్చుకోకండి. వాళ్లని ఎవరూ ఇలా అడిగినవాళ్లు లేరు.

ప్రశ్న: సమానత్వం, హక్కులు ఇవన్నీ సిటీలో చదువుకున్న ఆడవాళ్ల ఫ్యాషన్. పల్లెటూళ్లో కూలికి వెళ్లేవాళ్లకి కడుపు నిండితే చాలు. మీ పత్రికలు లేనిపోనివి నూరిపోస్తున్నాయి.
(ఒక పాఠకుడు, ఒంగోలు)

జవాబు: మీ పక్క జిల్లాయే కదా నెల్లూరు, మర్చిపోయారా? 1990ల మొదట్లో అక్కడ అక్షరాస్యత ఉద్యమం నడిచింది. పొద్దంతా కూలికెళ్లి వచ్చిన ఆడవాళ్లు రాత్రి లాంతరు దగ్గర పలకా బలపం పట్టుకుని కూర్చున్నారు. అక్కడి పాఠాల్లో ఒకటి, ఊరి ఆడవాళ్లంతా ఒక్కటై సారా కొట్టు మూయించడం గురించి. చదివారు, ఇది మన ఊరి కథే కదా అనుకున్నారు, లేచి వెళ్లి నిజంగానే మూయించారు. ఆ ఊరి పేరే దూబగుంట. రోశమ్మ లాంటివాళ్లు ముందు నిలబడ్డారు. చీపుర్లు, కారప్పొడి పట్టుకుని సారా బండ్లకి అడ్డం పడ్డారు, 1992లో వేలంపాటలే జరగనివ్వలేదు. చివరికి 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం పెట్టక తప్పలేదు ప్రభుత్వానికి. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో మళ్లీ ఎత్తేశారనుకోండి, ఆ కథ వేరు.

వాళ్లలో ఎవరూ సమానత్వం అనే మాట వాడి ఉండరు. వాళ్లు అడిగింది చాలా మామూలు సంగతి: ఇద్దరం కూలికెళ్తాం, ఆయన కూలి సారా కొట్టుకెళ్తుంది, నా కూలి పొయ్యి మీదకెళ్తుంది, పైగా రాత్రి తన్నులు నాకు. ఇదెక్కడి న్యాయం? కడుపు నిండితే చాలన్నారు మీరు. ఆ కడుపు నింపుకోడానికే వాళ్లు రోడ్డెక్కింది. సారా మానేసిన ఇంట్లో మిగిలిన రూపాయి రూపాయితోనే నెల్లూరులో పొదుపు సంఘాలు ఊపందుకున్నాయి. దానివల్ల మగవాళ్లకి కలిగిన నష్టం ఏమిటో మీరు రాస్తే వేస్తాం.

ప్రశ్న: నేను ఇంటర్ చదువుతున్నాను. మా అమ్మ అందరం తిన్నాకే తింటుంది. మాకు వేడి వేడిగా దోసెలు పోస్తుంది, ఆమె తినేసరికి చట్నీ ఉండదు. "నాకు అలవాటేలే" అంటుంది. మొన్న పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 8 అన్నారు. నేనేం చేయగలను?
(ఒక విద్యార్థిని, అనంతపురం)

జవాబు: చాలా చేయగలవు తల్లీ. ముందు డాక్టరుకి చూపించండి, 8 అంటే ఆకుకూరలతో సరిపెట్టుకునే స్థాయి కాదు. ఐరన్ బిళ్లలు వాడాలి, నెలసరిలో రక్తం ఎక్కువగా పోతోందా, ఇంకేమైనా కారణం ఉందా అన్నది కూడా వాళ్లు చూస్తారు. బిళ్లలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగానే ఇస్తారు. వేసుకున్నాక మలం నల్లగా రావడం, కొంచెం కడుపులో తిప్పడం మామూలే, మన అమ్మలు సగంమంది అక్కడే భయపడి ఆపేస్తారు. ఆపనివ్వకు. అన్నం తిన్న వెంటనే టీ తాగే అలవాటుంటే గంటన్నా ఆగమను, టీ ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వదు. పప్పులో నిమ్మకాయ పిండుకుంటే మంచిది. గుడ్డు, లివరు తినేవాళ్లయితే ఆ ముక్కలు ముందు అమ్మ కంచంలో పడాలి.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతానికి రక్తహీనత ఉందని తేలింది, మగవాళ్లలో 25 శాతం. నెలసర్లు, కాన్పులు ఇందుకు కొంత కారణం. కూర గిన్నె అడుగున మిగిలింది ఎవరి వాటాకి వస్తుందన్నది ఇంకొంత. నువ్వు "అమ్మా నువ్వు కూడా తిను" అంటే ఆమె తినదు, "మీరు కానివ్వండి" అంటుంది. అందుకని అడగకు. గిన్నెలన్నీ తెచ్చి హాల్లో మధ్యలో పెట్టేయి, నాలుగు కంచాలు ఒకేసారి వేయి, అమ్మ కంచంలో కూర వడ్డించాకే మీ నాన్నగారికి గరిటె అందించు. దోసెల రోజున సగం నువ్వు పోస్తే, సగం మీ అన్నయ్య పోస్తాడు. అన్నయ్య ఉన్నాడని నువ్వు రాయలేదు గానీ నాలుగు కంచాలని నేనే ఊహించాను, లేకపోతే ఆ సగం నాన్నగారికి.

ప్రశ్న: ఆడవాళ్లకి బస్సు ఫ్రీ, మేము డబ్బులిచ్చి నిలబడి పోవాలి. ఇదేనా సమానత్వం? మా తమ్ముడు ఆటో నడుపుతాడు, వాడి గిరాకీ సగానికి పడిపోయింది.
(ఒక పాఠకుడు, వరంగల్)

జవాబు: మీ తమ్ముడి బాధ నిజం, దాన్ని ఎవరూ తేలిగ్గా తీసుకోకూడదు. ఒకరికి మేలు చేసే పథకం పెట్టినప్పుడు అందులో దెబ్బతినే పేదవాడికి ఏం చేయాలన్నది మొదటిరోజే ఆలోచించాలి. ఆంధ్రాలో 2025 ఆగస్టు 15న ఉచిత బస్సు మొదలుపెట్టి, ఆ తర్వాత అక్టోబరులో ఆటోవాళ్లకి ఏడాదికి 15,000 ఇచ్చే పథకం తెచ్చారు. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచే బస్సు ఫ్రీ, ఆటోవాళ్లు రోడ్డెక్కింది కూడా అప్పుడే. బస్సులు చాలట్లేదన్నదీ నిజమే. దానికి బస్సులు పెంచమని అడగాలి గానీ, కిటికీ పక్కన కూర్చున్న ఆవిడని గుర్రుగా చూస్తే ఏం లాభం?

ఇక ఇదేనా సమానత్వం అంటారా. ఆ జీరో టికెట్ పట్టుకున్న ఆవిడ ఇదివరకు ఎంజీఎం ఆస్పత్రికి పోవాలన్నా, తల్లికి బాగాలేదంటే చూసి రావాలన్నా ముందు ఇంట్లో ఛార్జీలకి చెయ్యి చాపాలి. ఎందుకు, ఎప్పుడొస్తవ్, మొన్ననే పోయినవ్ కదా, వచ్చే నెల పో అనే మాటలు వినాలి. మీరు ఎప్పుడైనా బస్సు ఎక్కడానికి ఇంట్లో పర్మిషన్ అడిగారా? దూరం పోతే కూలి ఎక్కువ దొరుకుతుందని తెలిసినా, వచ్చే కూలిలో సగం ఛార్జీలకే పోతుందని ఊళ్లోనే ఆగిపోయినవాళ్లు ఎంతమందో. టికెట్ డబ్బుల సంగతి నాకు చిన్నదనిపిస్తుంది, అడగకుండా గడప దాటి పోగలగడం పెద్దదనిపిస్తుంది. మీకు వేరేలా అనిపించొచ్చు.

ప్రశ్న: నేను రిటైరైన టీచర్ని. పిత్రార్జితం నాలుగెకరాలు, నా జీతంతో కొన్న ఇంటి స్థలం ఒకటి ఉన్నాయి. ఒక కొడుకు, ఇద్దరు కూతుళ్లు. కట్నాలిచ్చి, లాంఛనాలన్నీ జరిపించి 1998లో ఒకరికి, 2003లో ఒకరికి పెళ్లి చేశాం. ఇప్పుడు కొడుకు, అక్కలిద్దరితో హక్కు వదులుకుంటున్నట్టు సంతకాలు పెట్టించమంటున్నాడు. పెట్టకపోతే వాళ్లకి పుట్టిల్లు లేదంటున్నాడు. కుటుంబం విడిపోకుండా ఉండాలంటే ఏది మంచిది?
(ఒక పాఠకుడు, గుంటూరు జిల్లా)

జవాబు: మాస్టారూ, ముందు చట్టం సంగతి చూద్దాం. కూతురికి పిత్రార్జితంలో కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు ఉందన్నది మన రాష్ట్రంలో కొత్త మాట కాదు. ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన సవరణతో 1985 సెప్టెంబరు 5 నుంచే అమల్లో ఉంది, దేశంలో అందరికీ వచ్చింది 2005 సెప్టెంబరు 9న. అప్పట్లో మన చట్టం 1985కి ముందు పెళ్లయిన ఆడపిల్లల్ని మినహాయించింది, కానీ మీ అమ్మాయిలిద్దరికీ ఆ తర్వాతే పెళ్లయింది కాబట్టి ఆ గొడవే లేదు. 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ముగ్గురు జడ్జీల బెంచి మిగిలిన అనుమానాలు కూడా తీర్చేసింది. మీ స్వార్జితమైన స్థలం మాత్రం మీ ఇష్టం, ఎవరికైనా వీలునామా రాసుకోవచ్చు. రాయకుండా పోతే మీ భార్యకీ పిల్లలు ముగ్గురికీ సమాన వాటాలు.

కట్నం ఇచ్చాం కదా, లెక్క సరిపోయింది కదా అని మీ అబ్బాయి వాదన. చట్టంలో ఆ వాదన నిలబడదు. దాన్ని పక్కన పెట్టి మామూలుగా ఆలోచిద్దాం. ఆ కట్నం డబ్బు మీ అమ్మాయిల పేరు మీద ఉందా? పసుపు కుంకుమ కింద ఒక ఎకరం రాసిచ్చి రిజిస్టర్ చేయించి ఉంటే అది వాళ్లదే, నిజమే. నగదు ఇచ్చి ఉంటే, అది అల్లుడి చెల్లెలి పెళ్లికో, వాళ్ల ఇంటి పైకప్పుకో పోయి ఉంటుంది. మీరు ఇచ్చిన మాట వాస్తవం, వాళ్లకి అందిందా అన్నది వాళ్లని అడగండి. మీ చేతి మీదుగా వెళ్లిన డబ్బు మీ కూతురి చేతికి రాకుండానే ఖర్చయిపోవడం మన పెళ్లిళ్లలో మామూలు. అసలు కట్నం ఇవ్వడం కూడా 1961 నుంచీ నేరమేనని టీచరుగా మీకు నేను చెప్పక్కర్లేదు.

మీరు కుటుంబం బాగు గురించి అడిగారు కాబట్టి ఒక అధ్యయనం సంగతి చెబుతాను. కేరళలో తిరువనంతపురం జిల్లాలో ప్రదీప్ పండా, బీనా అగర్వాల్ అనే పరిశోధకులు పెళ్లయిన ఆడవాళ్లని అడిగి చూశారు, 2005లో అచ్చయింది. పేరు మీద భూమీ ఇల్లూ రెండూ లేనివాళ్లలో 49 శాతం భర్త చేతి దెబ్బలు తిన్నవాళ్లే. రెండూ ఉన్నవాళ్లలో అది 7 శాతం. భూమి ఉందని మొగుడికి భయం పుట్టిందనుకోనక్కర్లేదు, తేడా వస్తే ఈమెకి వెళ్లడానికి ఒక చోటుందని ఇద్దరికీ తెలుసు, అంతే. అన్నాళ్లూ కట్నం పోసి కొనాలని చూసిన క్షేమం, ఒక ఎకరం పాసు పుస్తకంతో వచ్చేదేమో.

ఇక పుట్టిల్లు లేదనడం. సంతకం పెడితేనే పుట్టిల్లు అన్నవాడు, పెట్టాక మాత్రం ఎన్ని పండగలకి పిలుస్తాడు? ఆ సంతకం ఒకసారి రిజిస్టరయ్యాక వెనక్కి తీసుకోవడం మామూలు విషయం కాదు, కోర్టుల చుట్టూ ఏళ్లు తిరగాలి. అమ్మాయిలు తమంతట తాము, ఎవరి ఒత్తిడీ లేకుండా తమ్ముడికి ఇస్తామంటే అది వాళ్లిష్టం. మీరు బతికుండగానే ముగ్గుర్నీ కూర్చోబెట్టి, లాయరుని పిలిచి, కాగితం మీద పంచేయండి. మిమ్మల్నీ ఆవిడనీ ఇన్నాళ్లూ చూసుకున్నది అబ్బాయే అయితే, దానికి తగ్గట్టు మీ స్వార్జితంలోంచి అతనికి ఎక్కువ రాయండి, తప్పేం లేదు. అన్నట్టు మీ ఉత్తరంలో కొడుకు ఉన్నాడు, కూతుళ్లున్నారు. మీ భార్య పేరున ఏముందో ఎక్కడా రాయలేదు. మీ తర్వాత ఆవిడ ఎవరి ఇంట్లో, ఎవరి దయ మీద ఉండాలి? ముందు ఆ స్థలం సంగతి ఆలోచించండి.

ప్రశ్న: ఆడవాళ్లు చదువుకుని ఉద్యోగాలు చేయడం వల్లే విడాకులు పెరిగాయి. పాతకాలంలో కాపురాలు ఎంత బాగుండేవి!
(పేరు, ఊరు రాయలేదు)

జవాబు: పాతకాలంలో కుదరకపోతే "నుయ్యో గొయ్యో చూసుకో" అనేవాళ్లు. చూసుకున్నవాళ్ల లెక్క ఎవరూ రాయలేదు.

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం పోయి మూడు నెలలైంది. ఇంట్లో చెప్పలేదు. రోజూ బ్యాగు తగిలించుకుని బయటికి వచ్చి పార్కులో కూర్చుంటున్నాను. నా భార్య గవర్నమెంటు ఆస్పత్రిలో నర్సు, ఇల్లు ఆమె జీతంతో నడుస్తుంది అనుకుంటేనే తల తీసేసినట్టుంది. నేను లేకపోయినా వాళ్లు బతకగలరు అనిపిస్తోంది.
(ఒక పాఠకుడు, హైదరాబాద్)

జవాబు: తమ్ముడూ, మీ ఉత్తరంలో ఆ చివరి వాక్యానికే ముందు జవాబు. ఈ పేజీ చదవగానే 14416కి ఫోన్ చేయండి. టెలిమానస్ అంటారు, ప్రభుత్వానిదే, డబ్బులు కట్టక్కర్లేదు, రాత్రి పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. ఆలోచన మరీ గట్టిగా వస్తుంటే ఫోనుతో ఆగొద్దు, నమ్మకమైన మనిషినొకరిని వెంటబెట్టుకుని ఆస్పత్రికి వెళ్లండి. మీరు పిరికివాళ్లనో పిచ్చివాళ్లనో ఈ మాట అనడం లేదు. 2022లో మన దేశంలో ఆత్మహత్య చేసుకున్నవాళ్లు 1,70,924 మంది, వాళ్లలో 1,22,724 మంది మగవాళ్లు. ఇంత పెద్ద సంఖ్య ఏటా కళ్లముందు ఉన్నా, మగవాడు గట్టివాడు, వాడికేం కాదు అని మనం అనుకుంటూనే ఉంటాం.

ఇక ఇంట్లో చెప్పడం. ఈ రాత్రే చెప్పేయండి. పిల్లలు పడుకున్నాక, సెల్లు పక్కన పెట్టి, "నా ఉద్యోగం పోయింది, మూడు నెలలైంది, భయమేసి చెప్పలేదు" అనండి, చాలు. ఆమెకి కోపం వస్తుంది. ఉద్యోగం పోయినందుకు కాదు, మూడు నెలలు దాచినందుకు. ఆ కోపం న్యాయమైనదే, పడండి. మర్నాడు ఇద్దరూ కూర్చుని ఈఎంఐలు ఎన్ని, చేతిలో ఎంత ఉంది, ఏది ఆపగలం, ఏది ఆపలేం అని ఒక కాగితం మీద రాసుకోండి. బ్యాంకుకి కూడా ఇద్దరూ కలిసే వెళ్లండి, వాయిదా తప్పకముందే వెళ్తే వాళ్లు మాట వినే అవకాశం ఎక్కువ.

మీ భార్య జీతంతో ఇల్లు నడిస్తే తలవంపులని మీకు ఎవరు నేర్పారు? మీ జీతంతో నడిచినన్నాళ్లూ ఆమె తల తీసేసినట్టు కూర్చుందా? మగాడన్నవాడు సంపాదించాలి, ఆడది ఇల్లు చూసుకోవాలి అన్న రూలు ఎంతోమంది ఆడవాళ్లని ఇంట్లో కూర్చోబెట్టింది, మిమ్మల్ని తెచ్చి పార్కు బెంచీ మీద కూర్చోబెట్టింది. నైట్ డ్యూటీలు చేసే నర్సుకి పొద్దున్నే పిల్లల్ని తయారు చేసి బడికి పంపే మనిషి ఇంట్లో ఉంటే ఎంత ఊరటో ఆమెని అడిగి చూడండి. ఇంకో ఉద్యోగం దొరికేదాకా ఆ పని మీది. దొరికాక కూడా కొంత మీదే అనుకోండి.

ప్రశ్న: మాకు ఇద్దరు పిల్లలు, రెండూ ఆపరేషన్ కాన్పులే. రక్తం తక్కువగా ఉందని అప్పుడు నాకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయలేదు. ఇప్పుడు డాక్టరమ్మ, మీ ఆయనకి చేయించుకోవడమే తేలిక అంటున్నారు. ఆయన ఒప్పుకున్నారు గానీ ఊళ్లో నవ్వుతారని భయం. మా అత్తగారు "మగాడికి కత్తి పెడితే రేపు బస్తా మొయ్యగలడా" అని ఏడుస్తున్నారు.
(ఒక పాఠకురాలు, విజయనగరం జిల్లా)

జవాబు: డాక్టరమ్మ చెప్పింది అక్షరాలా నిజం. ఇప్పుడు మగవాళ్లకి చేసేది కోత కుట్టు లేని ఆపరేషన్. అక్కడికక్కడ మత్తు ఇచ్చి, చర్మానికి చిన్న రంధ్రం చేసి, వీర్యకణాలు వచ్చే గొట్టాలు రెండింటినీ మూసేస్తారు. పదిహేను ఇరవై నిమిషాల పని, అదే రోజు ఇంటికి నడిచి వచ్చేయొచ్చు. ఆడవాళ్లకైతే పొట్టలోకి వెళ్లి చేయాలి, రిస్కు ఎక్కువ. 2022 ఆగస్టులో హైదరాబాద్ దగ్గర ఇబ్రహీంపట్నంలో ఒకే రోజు 34 మంది ఆడవాళ్లకి ఈ ఆపరేషన్లు చేస్తే నలుగురు చనిపోయారు, గుర్తుందో లేదో. అయినా ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన ఆడవాళ్లలో నూటికి దాదాపు డెబ్భై మంది ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే, మగవాళ్లకి చేసింది నూటికి ఒకటి కూడా లేదు. పిల్లలు ఇద్దరి పిల్లలు, కత్తి మాత్రం ఒకరికే.

మీ అత్తగారి భయం ఊరికే పుట్టింది కాదు. ఎమర్జెన్సీలో, 1976-77 ఒక్క ఏడాదిలోనే దేశంలో 80 లక్షలకి పైగా ఆపరేషన్లు చేశారు, ఎక్కువ భాగం మగవాళ్లకే, చాలాచోట్ల బలవంతంగా. ఆ రోజుల మాటలు ఇంకా మన ఊళ్లలో తిరుగుతున్నాయి. కాబట్టి ఆవిడతో వాదన పెట్టుకోకుండా ఆవిడని కూడా ఆస్పత్రికి తీసుకెళ్లి డాక్టరమ్మ నోటితోనే చెప్పించండి: బలం తగ్గదు, గడ్డం మీసం గొంతు ఏవీ మారవు, కోరికా తగ్గదు, కాపురంలో తేడా ఉండదు. వీర్యంలో ఆ కణాలుండేది చాలా కొంచెం, అవి లేకపోయినా చూడ్డానికి తేడా కూడా తెలీదు. బస్తాలంటారా, ఓ వారం మొయ్యకుండా ఉండాలి, సైకిలు కూడా తొక్కకూడదు, ఆ తర్వాత ఎప్పటిలాగే పొలం పని. ఊళ్లో నవ్వుతారంటే, ఊరందరికీ చెప్పి చేయించుకోవాలని ఎవరూ అనలేదు కదా.

ఒక్కటి మాత్రం మీ ఆయనకి గట్టిగా చెప్పండి. ఆపరేషన్ అయిన వెంటనే ఫలితం రాదు. ముందే బయల్దేరిన కణాలు గొట్టంలో కొన్నాళ్లుంటాయి. మూడు నెలల దాకా నిరోధ్ లాంటిది వాడాలి, తర్వాత వీర్య పరీక్ష చేయించి, కణాలు లేవని రిపోర్టు చేతికి వచ్చాకే మానేయాలి. ఆపరేషన్ ఫెయిలైందని వచ్చేవాళ్లలో చాలామంది ఆ పరీక్షకి వెళ్లకుండా బద్ధకించినవాళ్లే.